ఎండ కాసినంత మాత్రాన మంచు కుదురుకున్నట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి జనవరి నెలాఖరులో స్నేహితులతో గుల్‌మార్గ్ వెళ్తున్నాడు. కేబుల్ కారులో అఫర్వత్ కొండ మీదికి చేరి, నిర్ణీత బాటలు వదిలి పక్క వాలుల మీద స్కీయింగ్ చేస్తారట. వారం రోజులు మంచు కురవకుండా ఎండ కాస్తే చరియలు విరిగిపడే భయం ఉండదంటున్నాడు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: సగమే నమ్మవచ్చు. మంచు విపరీతంగా కురిసిన రోజూ, ఆ తరువాతి ఒకటి రెండు రోజులూ మిక్కిలి ప్రమాదకరమైనవన్నది నిజమే. కొత్త మంచు క్రమంగా సర్దుకుంటుందన్నదీ నిజమే. అయితే కొండవాలు మీద మంచు ఒకే ముద్దగా ఉండదు, చలికాలమంతా పొర మీద పొరగా పేరుకుంటుంది. మీ అబ్బాయి చెబుతున్న తేట ఆకాశమే ఒక్కొక్కప్పుడు అందులో బలహీనమైన పొరను తయారుచేస్తుంది.

అదెలాగంటే, నేలను ఆనుకున్న మంచు సుమారు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది గాని, మబ్బు లేని రాత్రి పైభాగం అంతకన్నా ఎంతో చల్లబడిపోతుంది. మంచు పలచగా ఉన్నప్పుడు ఆ తేడా అంతా మూరెడు మందంలోనే ఇమడవలసి రావడంతో, కింది నుంచి నీటి ఆవిరి పైకి పాకుతూ రేణువులను కోణాలు తేలిన పలుకులుగా మార్చివేస్తుంది. ఆ మంచును గుప్పిట పట్టి పిండితే ముద్ద కట్టదు. పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఉపరితలం మీద ఏర్పడే పొర మరొకటి ఉంది. లంబసింగిలో గడ్డి మీద తెల్లవారుజామున కనిపించే నూగు వంటిదే అది. (మనకు పొగకూ, గడ్డకూ, కురిసేదానికీ ‘మంచు’ ఒక్కటే మాట కావడం ఈ విషయంలో కొంత ఇబ్బందే.) తరువాతి తుపానులో పడిన మంచు దీనిపైన పలకలా బిగుసుకుంటుంది. ఒక మనిషి బరువుకు కింది పలుకులు కూలితే, ఆ బీట క్షణాల్లో అడ్డంగా పరుగెత్తి పలక మొత్తాన్నీ కదిలిస్తుంది. ఇటువంటి ప్రమాదాల్లో చాలావరకు మంచును కదిలించినది బాధితులో, వారి తోటివారో అయి ఉంటారు.

ఇది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద జరుగుతుంది. జామెట్రీ బాక్సులోని మూలమట్టాన్ని దాని 30 డిగ్రీల కోణం కిందికి వచ్చేలా బల్ల మీద నిలబెట్టి చూడండి, ఆ వాలు ఏమంత భయపెట్టదు. పెనుగాలి శిఖరానికి అవతలి వైపు మంచును ఎత్తిపోస్తుంది కనుక, ఆకాశం నుంచి ఒక్క రేణువు రాలకపోయినా అక్కడ బరువు పెరుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నపు ఎండకు మంచు తడిసి జారడం వేరే సంగతి.

చండీగఢ్‌లోని రక్షణ భూసమాచార పరిశోధన సంస్థ మంచు చరియలపై హెచ్చరికలు జారీచేస్తుంది. వాటిని ఏ రోజుకారోజు చూసుకోవాలి. మంచులో పూర్తిగా కూరుకుపోయినవారిని సుమారు 15 నిమిషాల్లోగా తీస్తే ఎక్కువమంది బతుకుతారు, ఆ పైన ఊపిరాడక ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. ఆ వ్యవధిలో బయటి సహాయం అందడం అరుదు కాబట్టి, సంకేతాలు పంపి అందుకునే ట్రాన్సీవర్ ప్రతి ఒక్కరి ఒంటి మీదా, గుచ్చి వెదికే పొడవాటి కడ్డీ, పార ప్రతి ఒక్కరి సంచిలోనూ ఉండాలి; ఆగిన మంచు గట్టిపడిపోతుంది, చేతులతో తవ్వలేరు. బయలుదేరే ముందు ఒక ఆదివారం ఉదయం, జనం లేని వేళ, ఒక ట్రాన్సీవర్‌ను సంచిలో కట్టి రుషికొండ ఇసుకలో పాతిపెట్టి, చోటు తెలియనివారి చేత వెదికించమనండి. బయటికి తీయడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో మీరే గడియారం చూసి చెప్పండి.