ఔషధ మొక్కల పొడి ఎంత మెత్తగా ఉండాలి?

ప్రశ్న: అశ్వగంధ వేర్లను, తులసి ఆకును ఎండబెట్టి పొడిగా అమ్మాలనుకుంటున్నాను. పొడి ఎంత మెత్తగా ఉంటే మందు గుణం అంత పెరుగుతుందంటున్నారు, నిజమేనా? ఏ మేరకు పొడి చేయించాలి?

జవాబు: మెత్తగా నూరినంత మాత్రాన వేరులోని ఔషధ పదార్థం పెరగదు, అది నీటిలోకి, జీర్ణరసాల్లోకి దిగే వేగం మాత్రమే పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు ఘనాకారపు ముక్కను 0.1 మి.మీ. ముక్కలుగా చేస్తే బరువు మారకుండానే ఉపరితలం 10 రెట్లవుతుంది. 80 మెష్ జల్లెడ (అంగుళం పొడవున 80 రంధ్రాలున్నది) దిగిన రేణువు సుమారు 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు ఉంటుంది, మొక్కల కణాలేమో సాధారణంగా 10 నుంచి 100 మైక్రాన్లే కనుక, అలాంటి రేణువులో పగలని కణాలు చాలానే మిగులుతాయి. ఇంకా సన్నగా నూరితే కణాల గోడలు చిట్లి లోపలి పదార్థం తేలిగ్గా బయటికి వస్తుంది. ఈ లాభం గట్టి వేరుకు ఎక్కువ, పలుచని ఆకుకు తక్కువ.

అయితే పెరిగిన ఆ ఉపరితలం మీదే గాలి, తేమ కూడా పనిచేస్తాయి. మరీ మెత్తని పొడి తేమను త్వరగా పీల్చి గడ్డకడుతుంది, రంగు, వాసన కోల్పోతుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుని సాఫీగా జారకపోవడంతో క్యాప్సూళ్లలో నింపేటప్పుడు తూకం తేడా వస్తుంది.

తులసికి అసలు చిక్కు వేడి. పల్వరైజర్ (పొడి చేసే మర) వేడెక్కితే ఆకులోని సుగంధ తైలం ఆవిరైపోతుంది. మర దగ్గర ఘుమఘుమలాడుతోందంటే సరుకు విలువ ఆ మేరకు తగ్గుతోందనే అర్థం. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తూ పొడి చేసే పద్ధతి ఉన్నా, అది పెద్ద పరిశ్రమలకే గిట్టుబాటవుతుంది. మీరు ఆకును కొద్దికొద్దిగా వేస్తూ, మధ్యమధ్య యంత్రాన్ని చల్లారనిస్తూ, కాస్త ముతకగానే పట్టించండి.

వేర్లను విరిస్తే ఫట్‌మని విరిగేంతగా, తేమ 10 శాతం లోపుకు వచ్చేదాకా ఎండబెట్టి, ముందు కచ్చాపచ్చాగా దంచి, ఆ తరువాత 80 మెష్ స్థాయికి పొడి చేయిస్తే చూర్ణంగా వాడేందుకు సరిపోతుందని నా అభిప్రాయం. కషాయానికి కొనేవారికి కచ్చాపచ్చా పొడే ఇవ్వండి. మెత్తనిది అడుగున పేరుకుని వడకట్టడానికి ఇబ్బంది పెడుతుంది. ఆర్డరు వచ్చేవరకు సరుకును వేర్లుగానే నిల్వ చేయండి, ఎందుకంటే వేరును కొనుగోలుదారు చూసి గుర్తుపడతాడు, అతి మెత్తని పొడిలో సూక్ష్మదర్శినితో చూసినా ఆనవాళ్లు చెదిరిపోయి కల్తీ అనుమానం తీర్చడం కష్టమవుతుంది. పొడి చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి. గాలిలో లేచిన సన్నని ధూళికి నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది కాబట్టి అక్కడ మంట ఉండకూడదు.