గేమ్ మధ్యలో ఎఫ్‌పీఎస్ పడిపోతుంటే ముందు వేడి సంగతి చూడండి

మీ ల్యాప్‌టాప్‌లో గేమ్ మొదటి పది నిమిషాలు బాగానే నడిచి, తర్వాత 90 ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరపై వచ్చే ఫ్రేములు) కాస్తా 25కి పడిపోతోందన్నారు. గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మార్చినా తేడా లేదన్నారు. ఆ "పది నిమిషాలు" అన్నదే అసలు క్లూ, ల్యాప్‌టాప్ వేడెక్కడానికి కాస్త సమయం పడుతుంది. డ్రైవర్ సమస్యయితే చాలావరకు గేమ్ మొదలుపెట్టగానే తెలిసిపోతుంది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని మాత్రం ఇప్పుడే పెట్టుకోకండి.

హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో (HWiNFO) అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో వేడి, వేగం చూపించే సెన్సర్ల విండో తెరిచి ఉంచి ఆడండి. ఎఫ్‌పీఎస్ పడగానే సీపీయూ (ప్రధాన ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉష్ణోగ్రతలు, క్లాక్ స్పీడ్ (చిప్ పనిచేసే వేగం) చూడండి. సీపీయూ 95-100 డిగ్రీల దగ్గర ఉండి క్లాక్ తగ్గిపోతుంటే అది థర్మల్ థ్రాట్లింగ్. చిప్ కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఎక్కువసార్లు కారణం హీట్‌సింక్ (చిప్ వేడిని బయటికి లాగే లోహపు భాగం) రేకుల మధ్య పేరుకున్న దుమ్మే. ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకుని గాలి కొట్టండి. పరుపు మీద పెట్టి ఆడే అలవాటుంటే సరేసరి, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. శుభ్రం చేశాక కూడా వేడి తగ్గకపోతే థర్మల్ పేస్ట్ (చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య రాసే పేస్ట్) మార్పించాలి. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

ఉష్ణోగ్రత 70 లోపే ఉండి, సీపీయూ క్లాక్ మాత్రం 0.4 లేదా 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఇరుక్కుపోతే నా అనుమానం చార్జర్ మీదే. తక్కువ వాట్ల చార్జర్ పెట్టినా, ల్యాప్‌టాప్‌తో వచ్చిన చార్జర్‌నే అది గుర్తుపట్టకపోయినా ఇలా అవుతుంది. ప్లగ్‌లో ఉండగానే బ్యాటరీ శాతం తగ్గుతోందేమో కూడా గమనించండి.