ఫిలిప్పీన్స్ వలస తల్లుల మీద నవల రాయాలంటే ఏం తెలుసుకోవాలి?

తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తుంటే ఊళ్ళో కొడుకు షాబూ అనే మత్తుమందుకు బానిసయ్యాడని, అదే మీ నవల కథని ప్రశ్నలో రాశారు. అలాంటి తల్లితో నేను ఐదేళ్ళు ఒకే గదిలో పడుకున్నాను. మాది రాజంపేట దగ్గర పల్లె. 2013లో ఇంటిపనికని కువైట్ పోయి, 2018లో తిరిగొచ్చాను.

ఆవిడది మనీలా పక్కనున్న బులకాన్. నేను ‘ఆతె’ అని పిలిచేదాన్ని. వాళ్ళ భాషలో అక్క అని. కొడుకుకు నాలుగేళ్ళప్పుడు లోలా దగ్గర, అంటే అమ్మమ్మ దగ్గర, వదిలి వచ్చేసింది. నేను చూసేనాటికి వాడికి పదిహేడు.

వాళ్ళ గదుల్లో ఎప్పుడూ ఓ పెద్ద అట్టపెట్టె ఉంటుంది. బాలిక్‌బాయన్ బాక్స్ అంటారు. జీతం వచ్చినప్పుడల్లా సబ్బులు, షాంపూలు, మాంసం టిన్నులు, పాలపొడి కొని దాంట్లో వేస్తారు. నిండాక ఓడలో పంపిస్తారు. వాళ్ళకు సెప్టెంబర్ నుంచే క్రిస్మస్ హడావుడి. పెట్టె పండక్కి చేరాలంటే అప్పుడే కట్టేయాలి.

2016 సెప్టెంబర్లో పెట్టె కట్టే ముందు రోజు లోలా ఫోన్ చేసింది. “వాడు అమ్ముకోగలిగినవేవీ పంపొద్దు” అంది. పోయినసారి పెట్టెలో సగం షాబూకే పోయిందట.

ఆ రాత్రి ఆతె బట్టలుతికే గదిలో కింద కూర్చుని సబ్బుల కాగితాలన్నీ విప్పేసింది. పాలపొడి డబ్బాల మూతలు తీసి ఒక్కో చెంచా తీసేసింది. కొత్త తువ్వాళ్ళకు మూలలు కత్తిరించింది. చివరికి తెల్ల బూట్లు మిగిలాయి. వాడు మరీ మరీ అడిగితే కొన్నవి. మర్నాడు వాటి ముందు భాగంలో గుడ్డలు కుక్కి, తన కాళ్ళకే వేసుకుంది. పెట్టె పంపడం పది రోజులు ఆపి, ఆ బూట్లతోనే వంట చేసింది, వాకిలి కడిగింది. పాతబడితే ఎవరూ కొనరని.

మీరు నవలలో ఇది రాయండి. విమానాశ్రయంలో ఏడుపులు అందరూ రాస్తారు.

ఆ ఏడాదే జూన్ 30న డుటెర్టె అధ్యక్షుడయ్యాడు. పోలీసులు మత్తు అలవాటున్నవాళ్ళ ఇళ్ళ తలుపులు తట్టేవాళ్ళు. దాన్ని ‘టోక్‌హాంగ్’ అనేవాళ్ళు. ఆయన పాలనలో డ్రగ్స్ దాడుల్లో చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలోనే ఆరు వేలు దాటారు. అక్కడ తెల్లారి ఆరైతే మాకు రాత్రి ఒంటిగంట. రోజూ ఆ వేళకు ఆతె లేచి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేది. లోలా దగ్గర్నుంచి ‘వాడు లేచాడు’ అని మెసేజ్ వస్తేనే మళ్ళీ పడుకునేది.

చెడ్డ స్నేహాల వల్ల పాడయ్యాడని మాత్రం దయచేసి రాయొద్దు. ఇంట్లో పలకరించే మనిషి లేకపోతే పిల్లోడు దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాడు. నేను చూసిన ప్రతి ఇంట్లోనూ అదే కథ. 1974లో అప్పటి అధ్యక్షుడు మార్కోస్ కార్మిక చట్టం తెచ్చినప్పటి నుంచి మనుషుల్ని బయటికి పంపడం అక్కడ సర్కారు పనే అయిపోయింది. 1988లో అప్పటి అధ్యక్షురాలు కొరజోన్ అక్వినో హాంకాంగ్‌లో పనిమనుషుల దగ్గరికెళ్ళి ‘మీరే కొత్త వీరులు’ అంది. 2023లో బయటున్నవాళ్ళు బ్యాంకుల ద్వారా ఇంటికి పంపింది 3,300 కోట్ల డాలర్లకు పైనే. ఇంత డబ్బు తీసుకుంటూ ఆ పిల్లల్ని చూసే బాధ్యత మాత్రం ముసలమ్మల మీద వదిలేశారు.

ఒక్కటి ఒప్పుకోవాలి. నెలకు 400 డాలర్లకు తక్కువైతే ఇంటిపనికి పంపేది లేదని వాళ్ళ ప్రభుత్వం 2006లోనే గట్టిగా చెప్పింది. అదే ఇంట్లో అదే పనికి ఆతెకు 120 దినార్లు, అంటే దాదాపు ఆ 400 డాలర్లే, నాకు 80. నా తరఫున అడిగినవాళ్ళు లేరు.

ఇంకో మాట. తల్లి కువైట్ పోతే పిల్లలు చెడిపోతారని మా ఊళ్ళోనూ అంటారు. నేను పంపిన డబ్బు మా ఆయన నాలుగేళ్ళు తాగాడు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆతె మొగుడు రెండు వీధుల అవతల ఇంకో ఆమెతో కాపురం పెట్టాడు. వాడినీ అడిగినవాళ్ళు లేరు.

పెట్టె డిసెంబర్లో చేరింది. కొడుకు వీడియో కాల్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. వాడు బూట్లు పైకెత్తి చూపించి ఏదో అన్నాడు, ఆతె నవ్వుతూ ఏదో చెప్పింది. పెట్టేశాక ఏమన్నాడని అడిగాను.

“అమ్మా, ఎవరో వాడి పారేసినవి పంపావా అన్నాడు. అవునన్నాను.”