చాపర్ బైక్ కొనుక్కోండి, కానీ ఇల్లు తాకట్టు పెట్టి కాదు

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాను, వయసు 36, హెచ్‌1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఆవిడ ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు, నాలుగేళ్ల పాప ఉంది. ఇంటి ఖర్చు నెలకు 5,200 డాలర్లు, అన్నీ పోగా 1,400 మిగులుతుంది. బ్యాంకులో 22,000 ఉంది, క్రెడిట్ కార్డు బాకీ 3,800. మార్చిలో బోనస్ 9,000 దాకా చేతికొస్తుంది. తెలిసినాయన గ్యారేజీలో 1974 హార్లీ చాపర్ బైక్, షవల్‌హెడ్ అనే ఇంజిన్‌ది, పదేళ్లుగా కదలకుండా ఉంది, 8,500 అంటున్నారు. ఇంకో 7,000 పెట్టి నాకు నచ్చినట్టు మార్చుకుంటే, కొన్నేళ్లకు 25,000కి అమ్మొచ్చని నా లెక్క. హెలాక్ (ఇంటి విలువ మీద ఇచ్చే అప్పు) తీసుకోవాలా, 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లోన్ తీసుకోవాలా? రేపు హైదరాబాద్ వెళ్లిపోతే బండిని తీసుకెళ్లొచ్చా?

జవాబు: రెండు అప్పులూ వద్దండి. బండి మాత్రం వద్దనను, ఇంత ఇష్టంగా రాసిన మనిషిని ఆపడం నాకిష్టం లేదు. కానీ 25,000 అనే ఆ లెక్కను ఇప్పుడే పక్కన పెట్టేయండి. షవల్‌హెడ్ ఇంజిన్ 1966 నుంచి 1984 దాకా వచ్చింది, కాబట్టి బండ్లు, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, అది మీకు మంచిదే. అయితే చాపర్ అంటే ఒకరి అభిరుచికి కోసి, అతికించి చేసిన బండి. మీరు ముచ్చటపడి వేయించిన పెయింటూ ఎత్తైన హ్యాండిల్‌బారూ కొనేవాడికి నచ్చకపోతే వాటికి పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రాదు. 1970ల్లో చేసిన చాపర్ అప్పటి రూపంతోనే నిలిచి ఉంటే దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. అందుకే మీ బండి నిజంగా ఆ కాలంలో తయారైందైతే దాని రూపాన్ని మార్చకుండా బాగు చేయించండి, ఏ పార్టు తీసినా పారేయకుండా దాచండి. మొత్తమ్మీద దీన్ని పెట్టుబడిగా కాకుండా ఇష్టానికి పెట్టే ఖర్చుగానే రాసుకోండి.

ఇక అప్పుల సంగతి. 401కె లోన్ మన డబ్బే కదా అనిపిస్తుంది కానీ, ఉద్యోగం పోతే మిగిలిన బాకీని ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా కట్టేయాలి, లేకపోతే దాన్ని విత్‌డ్రాయల్ కింద లెక్కేసి ఆదాయపు పన్ను, మీ వయసుకు దాని మీద 10 శాతం పెనాల్టీ వేస్తారు. హెచ్‌1బి మీద ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండటానికి మీకుండేది మామూలుగా 60 రోజులు, అలాంటి రోజుల్లో ఈ బాకీ టెన్షన్ ఎవరికి కావాలి? హెలాక్ అయితే ఇల్లే తాకట్టు, పైగా ఇంటి కోసం వాడని డబ్బు కాబట్టి ఆ వడ్డీకి టాక్స్ మినహాయింపు కూడా రాదు.

నేనైతే ఇలా చేయమంటాను. ముందు మూడు నెలలు 1,400 మొత్తం కార్డుకే కట్టండి, అది తీరిపోతుంది. 22,000 జోలికి వెళ్లొద్దు. అది నాలుగు నెలల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. ఒకే జీతం మీద, వీసా మీద నడిచే ఇంటికి కనీసం ఆరు నెలలది, అంటే 31,200 ఉండాలి. కార్డు తీరాక నెలకు 900 అందులో వేయండి, పది నెలల్లో లోటు దాదాపు పూడుతుంది. 500 బండికి. బండిని బోనస్ డబ్బుతో కొనండి, ఓనర్ తెలిసినాయనే కాబట్టి చిన్న అడ్వాన్స్ ఇచ్చి మార్చి దాకా ఆగమని అడగొచ్చు. నెలకు 500 అంటే ఏడాదికి 6,000, కాబట్టి పని ఏడాది కాదు, రెండేళ్లు పట్టవచ్చు. పదేళ్లు నిలబడిన ఇంజిన్ విప్పి చూడకుండా 7,000 సరిపోతుందని ఎవరూ చెప్పలేరు. విప్పాక మెకానిక్ చేత రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి. వరుస కూడా ముఖ్యం: ఇంజిన్, బ్రేకులు, వైరింగ్, టైర్లు ముందు, పెయింటూ క్రోమూ ఆఖరున. చాలామంది తళుకులతో మొదలుపెట్టి, డబ్బు అయిపోయి, సగంలో ఉన్న బండిని పార్టుల ధర కూడా రాకుండా అమ్ముకుంటారు. అప్పట్లో చాలా చాపర్లకు ముందు బ్రేకే తీసేసేవారు, మీ దానికి లేకపోతే మొదటి ఖర్చు అదే. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత వాహనాలకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు, కాబట్టి బ్రేకులు ఉన్నాయా లేదా అని అడిగే మనిషి ఇప్పుడు మీరొక్కరే.

డబ్బు ఇచ్చేముందు నంబర్లు చూడండి, ఇక్కడే మనుషులు మునిగిపోతారు. 1970 నుంచి హార్లీ ఒకే నంబరును ఇంజిన్ మీదా ఫ్రేమ్ మెడ మీదా కొట్టింది. చాపర్ చేసేవాళ్లు ముందు ఫోర్క్ వాలు పెంచడానికి ఆ మెడనే కోసేవారు, లేదా సస్పెన్షన్ లేని వేరే ఫ్రేమ్ వేసేవారు. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే పత్రం) మీది నంబర్, ఇంజిన్ నంబర్, ఫ్రేమ్ నంబర్ మూడూ కలవకపోతే, లేదా అరగదీసి మళ్లీ కొట్టినట్టుంటే, ఎంత చవకైనా వదిలేయండి, పోలీసులు బండిని స్వాధీనం చేసుకునే ప్రమాదం ఉంది. 17 అంకెల నంబర్లు 1981 మోడళ్ల నుంచే వచ్చాయి, కాబట్టి నంబర్‌ని బట్టి బండి చరిత్ర చూపే ఆన్‌లైన్ రిపోర్టుల మీద ఆశ పెట్టుకోకుండా పాత షవల్‌హెడ్‌లు తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి.

ఇన్సూరెన్స్‌లో అగ్రీడ్ వాల్యూ పాలసీ, అంటే బండి ధర ముందే ఒప్పుకుని రాసుకునేది, అడగండి. మామూలు పాలసీలు తరుగుదల పోగా మిగిలిన మార్కెట్ ధరే ఇస్తాయి, కస్టమ్ పార్టులకు పరిమితి పెడతాయి. ప్రతి రసీదూ దాచండి, క్లెయిమ్‌కు పనికొస్తుంది, ఎప్పుడైనా లాభానికి అమ్మితే పెట్టిన ఖర్చు చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. నష్టానికి అమ్మితే మాత్రం ఆ నష్టం మినహాయింపు కిందికి రాదు. అన్నిటికంటే ముందు, ఆఫీసు ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ కాకుండా మీ పేరున సొంత టర్మ్ పాలసీ ఉందా? లేకపోతే బండి కంటే ముందు అది తీసుకోండి, బైక్ నడుపుతారా అని అడిగితే నిజమే రాయండి. పాప ఉంది.

హైదరాబాద్ తీసుకెళ్లడం మీద ఆశ వదులుకోండి. భారత్‌లో 2021 నాటి వింటేజ్ రూల్స్ 50 ఏళ్లు దాటిన బండ్లకు వర్తిస్తాయి గానీ, ఛాసిస్‌లోనూ ఇంజిన్‌లోనూ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలంటాయి. కోసిన ఫ్రేమ్ ఆ లెక్కలోకి రాదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వెళ్లేటప్పుడు ఇక్కడే అమ్మేయాల్సి వస్తుంది కాబట్టి, బండి కొన్న రోజే టైటిల్‌ని మీ పేరు మీదకు మార్పించుకోండి.