మెకానికల్ 0.805, ట్రిపుల్ ఈ 0.785: ఎవరి మాట వినాలి?

ప్రశ్న: మా అబ్బాయి పది పాసయ్యాడు, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్‌లోనూ క్వాలిఫై అయ్యాడు. స్కూల్లో ఏదో సాఫ్ట్‌వేర్‌తో పరీక్ష పెట్టి మెకానికల్‌కు 0.805, ట్రిపుల్ ఈకి (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) 0.785 అని కాగితం చేతికిచ్చారు. వాడేమో కరెంటు పనే నేర్చుకుంటానంటున్నాడు. కంప్యూటర్ చెప్పినట్టు మెకానికల్‌లో చేర్చాలా?
– ఓ తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, తేడా 0.02 మాత్రమే. దాన్ని సమానం కిందే లెక్కేసుకోండి. ఎందుకో మీరు పంపిన కాగితంలోనే ఉంది.

ఈ సాఫ్ట్‌వేర్ చేసేది కూడికే. ఒక్కో అంశంలో వచ్చిన స్కోరును దాని వెయిటేజీతో (ఆ అంశానికి ఇచ్చిన ప్రాధాన్యంతో) గుణించి మొత్తం కడుతుంది. ఇక్కడ గణితానికి 30 శాతం, సైన్స్‌కు 20, ఆప్టిట్యూడ్‌కు (ఆ పనికి తగిన సహజమైన నేర్పుకు) 40, ఆసక్తికి 10 ఇచ్చారు. గణితంలో వాడి స్కోరు 0.85, సైన్స్‌లో 0.70. ఈ రెండూ ఏ బ్రాంచికైనా అవే, కాబట్టి రెండు వరుసల్లోనూ 0.395 పడింది. అంటే సగం వెయిటేజీ బ్రాంచి తేల్చడానికి అక్కరకే రాలేదు. తెలంగాణ పాలీసెట్‌లో గణితం 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30 మార్కులకు ఉంటాయి. గణితం, సైన్స్‌లలో పట్టు ఎంతో అక్కడ వచ్చే ర్యాంకే చూపిస్తుంది. సీటు ఎక్కడొస్తుందో తేల్చేదీ అదే.

మిగిలింది ఆప్టిట్యూడ్, ఆసక్తి. ఆప్టిట్యూడ్ మెకానికల్‌కు 0.90, ట్రిపుల్ ఈకి 0.75, ఆసక్తి 0.50, 0.90. ఇప్పుడు ఆప్టిట్యూడ్‌ను 30కి దించి ఆసక్తిని 20కి పెంచి చూడండి. మెకానికల్ 0.765, ట్రిపుల్ ఈ 0.80. ఫలితం తిరగబడింది! పిల్లవాడు మారలేదు, ఎవరో కూర్చుని వేసిన 10 శాతం మారింది. వెయిటేజీ కాస్త కదిపితేనే మొదటి స్థానం పోయేటట్టయితే అది సలహాగా చెప్పుకోదగ్గది కాదు. స్కూలు వాళ్లను ఆ వెయిటేజీలు ఎవరు, దేన్నిబట్టి పెట్టారో అడగండి. చాలాచోట్ల సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన అంకెలనే అలా వదిలేస్తారు.

ఆసక్తి ప్రశ్నలు వారం ఆగి మళ్లీ రాయించండి, పక్కన స్నేహితులు లేకుండా. 0.90 కాస్తా 0.60 అయిందంటే, ఆ ఇష్టం వాడిది కాదు, పక్క బెంచీది. ఆప్టిట్యూడ్‌లో తక్కువొచ్చిన 0.75 కూడా ఏ ప్రశ్నల్లో పోయిందో చూడండి. సర్క్యూట్ బొమ్మలు అంతకుముందు చూసి ఉండకపోతే అది చేతకానితనం కాదు.

దూరాన్ని కూడా లెక్కలో కలిపే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిలో అతి దగ్గరి కాలేజీ దూరాన్ని మిగతావాటితో భాగిస్తారు. 4 కిలోమీటర్లలో ఒకటుంటే 12 కిలోమీటర్ల కాలేజీకి 0.33 మాత్రమే వస్తుంది, అది ఒక బస్సు ప్రయాణమే అయినా. అలాంటి వరుసను పక్కన పెట్టి చూడటం మేలు.

సాఫ్ట్‌వేర్ అడగని విషయం ఒకటుంది: రంగుల చూపు. ట్రిపుల్ ఈలో చేరేముందు కంటి డాక్టరు దగ్గర చుక్కల పుస్తకంతో పరీక్ష చేయించండి, నిమిషాల పని. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే వైర్ల దగ్గర ప్రమాదం, రైల్వేలో చాలా సాంకేతిక ఉద్యోగాలకూ మెడికల్‌లోనే ఆగిపోతారు. ఇందులో తేడా వస్తే మిగతా అంకెలు చూడక్కర్లేదు, మెకానికలే.

చూపు బాగుండి, రెండోసారీ అదే ఆసక్తి చూపిస్తే ట్రిపుల్ ఈకే నా ఓటు. ఇంజినీరింగ్ దారి మూసుకుపోతుందని భయం వద్దు, మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు, ఏ బ్రాంచి నుంచైనా.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు, బ్రాంచిలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో మాత్రం వాడికి నిజంగా కావాల్సిన వరుసలోనే పెట్టండి. సీటు రాదేమోనని మెకానికల్‌ను పైన పెడితే, ర్యాంకుకు అది అందగానే సీటు కేటాయింపు అక్కడే ఆగుతుంది. కింద ఉన్న ట్రిపుల్ ఈని ఇక చూడదు. అందుబాటులో ఉన్న కాలేజీల్లోని ట్రిపుల్ ఈ సీట్లన్నీ ముందు పెట్టి, తర్వాతే మెకానికల్ పెట్టండి.