రోజువారీ స్నీకర్: షాపులో మెత్తగా ఉంటే చాలదా?

వేసుకోగానే మెత్తగా ఉంది, చూడ్డానికి తెల్లగా బాగుంది, ఇంకేం చూడాలి అని అడిగారు. మోసమంతా ఆ మెత్తదనంలోనే ఉంది. పాదానికి ముందు తగిలేది ఇన్‌సోల్, 'మెమరీ ఫోమ్' అని ఊదరగొట్టి అమ్మేది దాన్నే. కొన్నాళ్లకే మడమ కింద అణిగి అట్టముక్క అవుతుంది. రోజంతా బరువు మోసేది దాని కిందున్న మిడ్‌సోల్.

అందుకే ముందు ఇన్‌సోల్ బయటికి లాగండి. నేల మీద పెట్టి దానిపై నిలబడండి. చిటికెన వేలు అంచు దాటిందా, ఆ మోడల్ మీది కాదు. సైజు పెంచితే వెడల్పు కొంచెమే పెరుగుతుంది, పొడుగు ఎక్కువై నడుస్తుంటే మడమ లేస్తుంది. "వేసుకోంగ వేసుకోంగ సాగుతది" అంటడు షాపాయన. తోలైతే కాస్త సాగుతుంది. రెగ్జిన్ సాగదు, ముడతల దగ్గర పగులుతుంది. కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బుతుంది. వేళ్ల ముందు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి.

తర్వాత రెండు చేతులతో వంచండి. వేళ్ల మొదట్లో వంగాలి, నడిమధ్యలో మడతపడితే వద్దు. వంచినప్పుడు సోల్ అంచున సన్నటి సందు కనిపిస్తే సొల్యూషన్, అంటే అంటించే జిగురు, సరిగ్గా పట్టలేదన్నమాట. మే ఎండకు కాజీపేట స్టేషన్ బయట బండి మీద వదిలేస్తే అదే చోట నోరు తెరుస్తుంది. సోల్ చుట్టూ కుట్టుంటే నయం. కానీ గోరుతో గీకి చూడండి, కొన్నింటికి దారం ఉండదు, కుట్టులా అచ్చు పోస్తారంతే.

అసలు భద్రకాళి గుడికీ, వేయిస్తంభాల గుడికీ, ఎవరింటికి పోయినా గడప ముందరా విప్పాల్సిన మనకు చీలమండ దాకా లేసులెందుకో! లేసు విప్పకుండా మడమ తొక్కి దూరుస్తారు, లోపలి గట్టి పట్టీ విరుగుతుంది, ఇక ఆ షూ చెప్పు కిందే లెక్క. సాగే లేసు వేయించుకోండి.

తెలుపంటారా, ఉతికాక సబ్బు పూర్తిగా పోకుండా ఎండలో పెడితే పసుపు తేలుతుంది. లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరేయండి. పెళ్లిళ్లకని డబ్బాలో ఏళ్లకేళ్లు దాచొద్దు. పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) సోల్ అయితే గాలిలోని తేమకే కుళ్లి, తీసి వేసుకున్న రోజు పిండిలా రాలుతుంది.