మేడ మీద దిగిన గూడబాతు

ప్రశ్న: మాది నెల్లూరు, వేదాయపాళెం. పాపకు నాలుగేళ్లు. సంక్రాంతి సెలవుల్లో నేలపట్టు తీసుకెళ్లి గూడబాతుల్ని (పెలికాన్ పక్షుల్ని) చూపించాం. తర్వాత ఒకరోజు శ్రీహరికోట రాకెట్ పైకి పోతుంటే మేడ మీద నుంచి చూపించాం. అప్పట్నుంచి ‘రాకెట్ మన మేడ మీద ఆగింది, గూడబాతు దిగి నాతో అన్నం తినింది’ అని కనపడినవాళ్లందరికీ చెబుతోంది. అబద్ధాలు అలవాటవుతున్నాయని స్కూల్లో మేడమ్ అన్నారు. మా అత్తయ్యా కోప్పడుతున్నారు. ఫోన్ ఇస్తే మాత్రం గంటలు గంటలు మాట్లాడదు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ గూడబాతును తరిమేయకండి. గ్లాసు పగలగొట్టి ‘నేను కాదు’ అంటే అది దెబ్బలకు భయపడి ఆడిన అబద్ధం. ఈ బాతు వల్ల మీ పాపకు తిట్లే తప్ప ఒరిగిందేమీ లేదు. అయినా చెబుతోందంటే ఆ కథ తనకు అంత ముద్దుగా ఉందన్నమాట. రాకెట్టూ మీరు చూపించిందే, గూడబాతూ మీరు చూపించిందే. రెండింటినీ కలిపింది పాప. ఈ వయసులో కళ్లతో చూసింది, మనసులో అనుకుంది కలిపి చెప్పడం మామూలే.

నేను నేలపట్టు దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌గా చాలా ఏళ్లు చేశాను. అప్పట్లో అదంతా నెల్లూరు జిల్లానే. కోడిగుడ్లు వచ్చే అట్టలు మూలన పడుండేవి. ఒక అబ్బోడు ఒక అట్ట తీసుకుని, 30 గుంటల్లోనూ ఒక్కో చింతపిక్క పెట్టాడు. నేను తలుపు వేయబోతే వేలు నోటి మీద పెట్టి, ‘టీచర్, చప్పుడు చేయొద్దు, బాతులు గుడ్ల మీద పడుకున్నాయి’ అన్నాడు. ఆ పూటంతా తలుపు మెల్లగానే వేశాను. కాసేపటికి చూస్తే ఒక గుంట ఖాళీ. ‘ఇదెక్కడికి పోయిందిరా?’ అంటే, ‘పిల్లలకి చేపలు తేవడానికి పులికాట్ పోయింది’ అన్నాడు. నేలపట్టు గూడబాతులు నిజంగానే మేతకు పులికాట్ సరస్సుకు పోతాయి. ఆ సంగతి వాడికి మేం నేర్పలేదు. ఇంట్లో పెద్దవాళ్ల మాటలు విని, ఆకాశం చూసి తెలుసుకున్నాడు. ఆ రోజు ‘చింతపిక్కలు తీసేయ్, పలక పట్టు’ అనుంటే నాకా మాట వినిపించేదే కాదు.

ఫోన్ సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. మూడు, నాలుగేళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. తెరలో అన్నీ తయారుగా వచ్చి పడతాయి, పాప కలిపేందుకు ఏమీ మిగలదు. ఖరీదైన బొమ్మలూ అక్కర్లేదు. గుడ్ల అట్ట, పాత చీర, దొరికితే రెండు తాటిబుర్రలు, ఒక పుల్ల ఇవ్వండి. బండి తనే కట్టుకుంటుంది.

స్కూల్ మేడమ్‌కు ఈ మాటే నెమ్మదిగా చెప్పండి. అత్తయ్యగారిని రాత్రి అన్నంలో బాతుకు కూడా ఒక ముద్ద కలపమనండి, ఆమె కోపం అక్కడే పోతుంది. మీరు మాత్రం ‘నిజమా?’ అని అడగొద్దు. ‘తర్వాత ఏమైంది?’ అని అడగండి. ఆ బాతు అన్నంలోకి ఏం వేసుకుందో నాకూ రాయండి.